ఉప్పెనలు - గృహస్థుని సన్నాహము



మన ఆంధ్రదేశమునకు తూర్పున, ఇచ్ఛాపురము మొదలుకొని తడవఱకును, సముద్రమే ఎల్లగా నున్నది. ఆ సముద్రము మనకు ఉప్పు నిచ్చినది, చేప నిచ్చినది, ఓడవ్యాపారము నిచ్చినది, వానమబ్బు నిచ్చినది. అదియే అప్పుడప్పుడు కట్ట తెగిన చెఱువువలె భూమిమీదికి వచ్చి, ఇచ్చినదానికంటె ఎక్కువగా తీసికొనిపోయినది. ఆ రాకకు మనవారు పెట్టిన పేరు ఉప్పెన. గాలివాన వేఱు, ఉప్పెన వేఱు. గాలివానకు ఇంటికప్పు ఎగిరిపోవును. ఉప్పెనకు ఇల్లు పోవును, ఇంటివారును పోవుదురు. మన తీరమున మహావాయువులచేత మరణించినవారిలో పెక్కుమంది గాలిచే గాక నీటిచేతనే మరణించిరి. ఈ భేదమును మొదట మనసున నుంచుకొనవలెను.

రెండువందల యేండ్లకు పైబడిన తీరచరిత్రను పరిశీలించినయెడల ఒక సంగతి స్పష్టపడును. ఉప్పెననుండి తప్పించుకొనుటకు మూడు మెట్లు కలవు. ఆపద వచ్చుచున్నదని తెలిసికొనుట మొదటి మెట్టు. తెలిసిన వార్త ఇంటి గడపవఱకు చేరుట రెండవ మెట్టు. వార్త విన్న కుటుంబము ఆ గడప దాటి మెఱకకు చేరుట మూడవ మెట్టు. మొదటి రెండింటిని కట్టుటకు శాస్త్రజ్ఞులకును ప్రభుత్వములకును నూఱేండ్లకు పైగా పట్టినది. మూడవదానిని మాత్రము ఏ ప్రభుత్వమును సంపూర్ణముగా కట్టి యీయజాలదు. అది ప్రతి గృహస్థుడును తన యింట తానే కట్టుకొనవలసినది. నేటి ప్రసంగమున ఆ మూడు మెట్ల చరిత్రను మనవిచేసి, పిమ్మట గృహస్థుని కర్తవ్యమును గూర్చి చెప్పెదను.

మూడవ మెట్టు మన పూర్వులకు తెలియనిది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున నాలుగవ అధికరణములో ఉపనిపాత ప్రతీకారమను ప్రకరణ మొకటి కలదు. ఉపనిపాతమనగా హఠాత్తుగా మీద పడు ఆపద. అగ్ని, జలము, వ్యాధి, కఱవు, ఎలుకలు, క్రూరమృగములు, సర్పములు, రాక్షసులు అని ఎనిమిది భయములను ఆతడు పేర్కొనెను. జలభయమును గూర్చి చెప్పుచు, వర్షర్తువున నదీతీర గ్రామములవారు గట్టు విడిచి ఎత్తైన చోట నివసింపవలెననియు, కొయ్యపలకలు, వెదుళ్లు, పడవలు సిద్ధపఱచుకొనవలెననియు విధించెను. ప్రవాహమున కొట్టుకొనిపోవువారిని సొఱకాయబుఱ్ఱలతోను, తోలుతిత్తులతోను, చెట్టుబోదెలతోను, త్రాళ్లతోను రక్షింపవలెను. రక్షించుటకు పోనివానికి పండ్రెండు పణముల దండన. పడవ లేనివానికి మాత్రము దండన లేదు.

అగ్నిభయమును గూర్చి రెండవ అధికరణమున చెప్పినది ఇంకను గమనింపదగినది. నగరమందలి గృహస్థుడు ఐదు కడవల నీరు, నీటితొట్టి, నిచ్చెన, గొడ్డలి, చేట, అంకుశము, కప్పుగడ్డిని లాగివేయు కొక్కెము, తోలుతిత్తి తన యింట నుంచుకొనవలెను. ఉంచుకొననియెడల కాలుపణము దండన. సొమ్ము స్వల్పమే. కాని దండన ఎప్పుడు విధింపబడుచున్నదో చూడుడు. ఇల్లు కాలిన నాడు కాదు. నిప్పు మాట లేని నాడే, నిచ్చెన లేదని విధింపబడుచున్నది. ఆపద వచ్చిన దినమున చేయు పని పరుగు మాత్రమే. రాని దినమున చేయునది సన్నాహము. ఇల్లు కాలుచుండగా నూయి త్రవ్వుట యను మన సామెతకును ఇదియే అర్థము.

ఇక చరిత్రకు వత్తము. గోదావరి సముద్రమున కలియుచోట, కాకినాడకు దక్షిణమున, కోరంగి యను గ్రామము కలదు. ఒకప్పుడది ఓడలు కట్టుటకును బాగుచేయుటకును ప్రసిద్ధి గాంచిన రేవు. 1789వ సంవత్సరము డిసెంబరు మాసమున అచ్చట మూడు మహాతరంగములు ఒకదానివెంట నొకటి వచ్చి ఓడలను నేలమీదికి త్రోసి, పట్టణమును ముంచివేసినవి. సుమారు 20,000 మంది మరణించిరని నాటి సంగతులను సంగ్రహించినవారు వ్రాసిరి. సరిగా ఏబదియేండ్లకు, 1839వ సంవత్సరము నవంబరులో, మరల ఉప్పెన వచ్చి ఆ రేవునే ధ్వంసము చేసినది. ఒకవైపు ఈ దెబ్బలు, మఱియొకవైపు నదీముఖమున మేట పెరుగుట. క్రమముగా వ్యాపారము కాకినాడకు తరలిపోయినది.

ఏబదియేండ్లనగా ఎంత? తాత చూచినది మనుమడు వినుట, మునిమనుమడు మఱచుట. మొదటి ఉప్పెనను కన్నులార చూచినవారు రెండవ యుప్పెననాటికి కొలదిమందియే మిగిలియుందురు. సముద్రము మరల వచ్చుటకు తీసికొను కాలముకంటె మనుష్యుడు మఱచుటకు తీసికొను కాలము తక్కువ. ఉప్పెనలయందలి మొదటి అపాయ మిదియే.

ఆ కాలమున కలకత్తాలో హెన్రీ పిడ్డింగ్టన్ అను ఆంగ్లేయు డొకడు ఓడల నావికులు వ్రాసియుంచిన దినచర్యలను సేకరించి, బంగాళాఖాతపు గాలివానల నడకను పరిశోధించెను. ఈ గాలులు తిన్నగా వీచునవి కావు, ఒక కేంద్రమును చుట్టుకొని తిరుగునవి యని నిరూపించు పండితులలో ఆతడొకడు. చుట్ట చుట్టుకొన్న పామును తలపునకు తెచ్చు గ్రీకు పదమునుండి సైక్లోను అను పేరు కల్పించి, 1848లో ప్రకటించిన తన నావికగ్రంథమున వ్యాప్తిచేసినవా డాతడే. నేడు ప్రపంచ మంతయు వాడు ఆ మాట పుట్టుటకు మన తీరపు గాలివానలును కారణమైనవి.

ఆ పాము చుట్టు ఎట్టిదో తెలిసినగాని ఉప్పెన ఎచ్చట వచ్చునో తెలియదు. మన అర్ధగోళమున తుపాను గాలి గడియారపు ముల్లునకు ఎదురుదిక్కుగా తిరుగును. తుపాను సముద్రమునుండి పడమటికి నడచి మన తీరమును దాటునప్పుడు, దాని కుడిప్రక్కను, అనగా ఉత్తరపు ప్రక్కను, గాలి సముద్రమునుండి భూమిమీదికి వీచును; ఎడమప్రక్కను భూమినుండి సముద్రముమీదికి వీచును. కావున కేంద్రము దాటిన చోటునకు ఉత్తరముననున్న గ్రామములమీదికి నీరు త్రోయబడును. తీరమువద్ద సముద్రము లోతు తక్కువగుటచేత, త్రోయబడిన నీరు క్రిందికి పోవుటకు దారిలేక పైకి లేచును. ఆ వేళకు పోటు కూడ కలిసినయెడల ఇక చెప్పవలసిన దేమున్నది? కావున తుపాను మన యూరిమీదుగా పోవుటలేదు, దక్షిణమున నలుబది కిలోమీటర్ల దూరమున దాటునట అని విని నిశ్చింతగా నుండరాదు. ఆ దూరమే మనకు మృత్యువు కావచ్చును.

ఇట్టిదే మఱియొక మోసము తుపాను కన్ను. కేంద్రము తలమీదికి వచ్చినప్పుడు గాలి హఠాత్తుగా నిలిచిపోవును. ఒక్కొక్కప్పుడు ఆకాశము తేటపడును. అమాయకులు గండము గడచినదని వెలుపలికి వత్తురు. కొన్ని నిమిషములకో, అరగంటకో, గంటకో, అదే గాలి ఎదురుదిక్కునుండి మరల విరుచుకొని పడును. మొదటి గాలికి వదులైన గోడలును చెట్లును రెండవ గాలికి కూలును.

1864వ సంవత్సరమున రెండు ఘోరములు నెలదినములలోపుననే జరిగినవి. అక్టోబరు 5వ తేదీన కలకత్తా ప్రాంతమున హుగ్లీనదిమీదుగా ఉప్పెన వచ్చి ఏబదివేలకు తక్కువ గాకుండ జనులను చంపెను. నవంబరు 1వ తేదీ రాత్రి మన మచిలీబందరుమీద పడెను. సముద్రము పెద్దపోటుకంటె 13 అడుగులు హెచ్చి పట్టణమును ముంచి, పల్లపునేలలమీదుగా మైళ్లకొలది లోపలికి పోయెను. పట్టణమునను పరిసరగ్రామములలోను సుమారు 30,000 మంది మరణించిరి. ఒకప్పుడు డచ్చివారు, ఆంగ్లేయులు, ఫ్రెంచివారు వర్తకమునకై పోటీపడిన పట్టణము ఒక్క రాత్రిలో కళ తప్పెను.

ఈ రెండు గాయములనుండియే మొదటి మెట్టు పుట్టెను. 1865లో కలకత్తా రేవున తుపాను హెచ్చరికల యేర్పాటు ఆరంభమైనది. 1875లో భారత వాతావరణశాఖ స్థాపింపబడి, బ్లాన్‌ఫర్డ్ దొర దాని మొదటి యధికారి యయ్యెను. 1886 నాటికి హెచ్చరికల పద్ధతి దేశమందలి రేవులన్నిటికి వ్యాపించెను. పగలు గుఱుతులను, రాత్రి దీపములను స్తంభమున కెత్తి ఓడలకు తెలుపుట దాని విధానము. నేడును రేడియోలో మీరు విను ఒకటవ నెంబరు, మూడవ నెంబరు, పదవ నెంబరు ప్రమాదసూచికలు ఆ వంశమునకు చెందినవే. 1, 2 అంకెలు దూరమున సముద్రములో ఉపద్రవ మున్నదని తెలుపును. 3, 4 రేవునకే బెదరింపు కలదని చెప్పును. 5, 6, 7 అపాయమును, 8, 9, 10 మహాపాయమును సూచించును. 11వది అన్నిటికంటె భయంకరము. హెచ్చరిక పంపు కార్యాలయముతో సంబంధమే తెగినదని దాని యర్థము.

కాని ఒక్క విషయ మాలోచింపుడు. ఆ స్తంభమందలి దీపము సముద్రమువైపు చూచుచుండెను. ఓడలోని నావికునికి దాని భాష తెలియును. స్తంభము వెనుక ఇసుకదిబ్బమీద తాటాకు గుడిసెలో నిద్రించు బెస్తకు, ఉప్పుమళ్లలోని కూలికి, లంకలోని రైతునకు ఆ భాష తెలియదు. వార్త రేవునకు చేరెను గాని గడపకు చేరలేదు. మొదటి మెట్టునకును రెండవ మెట్టునకును నడుమ మఱియొక నూఱేండ్లు గడచినవి.

ఆ నూఱేండ్లలో తంతి వచ్చెను, రేడియో వచ్చెను. 1970లో విశాఖపట్టణమున తుపానులను పసికట్టు రాడారు నెలకొల్పబడెను. అయినను 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీని మన మెవ్వరము మఱవజాలము. తుపాను కేంద్రము చీరాల, నిజాంపట్టణముల ప్రాంతమున తీరము దాటెను. ఇంతకుముందు మనవిచేసిన లెక్కప్రకారము కుడిప్రక్కను ఉన్నది దివిసీమ. సుమారు అయిదు మీటర్ల యెత్తున సముద్రము లేచి పది కిలోమీటర్లకు పైగా లోపలికి వచ్చెను. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి మొదలగు గ్రామములలో కుటుంబములకు కుటుంబములే నశించినవి. ప్రభుత్వపు లెక్కయే పదివేలమంది. అంతకు మించినదని చెప్పువారు పెక్కురు. పశువులకు లెక్కలేదు.

వాతావరణశాఖవారి కన్నులకు ఆ తుపాను కనబడకపోలేదు. రేడియోలో హెచ్చరికలును వచ్చినవి. కాని ఎన్ని గుడిసెలలో రేడియో ఉండెను? విన్నవారిలో ఎందఱు పోయిరి? పోదలచినవారికి పోవుటకు మెఱక యెక్కడ? దివిసీమ కృష్ణానది పాయల నడుమ సముద్రమునకు ఎదురుగా చాపవలె పఱచిన నేల. మేడయిండ్లు ఒకటి రెండు; గుడియో, బడియో, గట్టి కట్టడమున్నచోట కొందఱు బ్రతికిరి; చెట్లను పట్టుకొని కొందఱు బ్రతికిరి. తెలిసికొనుటయు, తెలుపుటయు ఉన్నను మూడవ మెట్టు లేనియెడల ఏమగునో దివిసీమ మనకు చూపెను.

దానికి మాఱుగా పదుమూడేండ్లకు జరిగినది చూడుడు. 1990వ సంవత్సరము మే 9వ తేదీన కృష్ణాముఖద్వారమువద్దనే మఱియొక తుపాను తీరమును దాటెను. గాలివేగమున అది మొదటిదానికి తీసిపోయినది కాదు. కాని ఈలోపల తీరగ్రామములలో తుపాను రక్షణభవనములు లేచినవి. ఆకాశమున ఉపగ్రహము నిలిచి మేఘములను చూచుచుండెను. అన్నిటికంటె ముఖ్యముగా, గాలి రాకముందే ఆఱు లక్షలకు పైగా జనులను లోపలికి తరలించిరి. మృతుల సంఖ్య వేయికి లోపుననే నిలిచెను. వేయి స్వల్పమని నే ననను; ఒక్కటియు స్వల్పము కాదు. కాని అదే నేల, అట్టిదే గాలి; పదివేలకు బదులు వేయి. భేదము దేవతలు చేసినది కాదు, మనుష్యులు నడచి చేసినది.

ఓఢ్రదేశమున ఈ పాఠమే ఇంకను పెద్ద అక్షరములలో వ్రాయబడినది. 1999 అక్టోబరు 29వ తేదీ మహాతుపానులో అచ్చట సుమారు పదివేలమంది మరణించిరి. 2013 అక్టోబరు 12వ తేదీన గోపాలపురమువద్ద ఫైలిన్ తుపాను దాటునప్పటికి సుమారు పది లక్షలమంది ముందుగానే తరలింపబడియుండిరి. తుపానుచే మరణించినవారు ఏబదికి లోపు.

అయితే విజయమున్నచోటనే ఒక రంధ్రము మిగిలియుండును. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణమున దాటిన తుపాను కోనసీమలో కొబ్బరితోటలను నేలమట్టము చేసినది. మరణించినవారు వేయికి పైగా, గల్లంతైనవారు పెక్కుమంది. వారిలో చాలమంది వేటకు పోయి సముద్రముమీదనున్న మత్స్యకారులు. ఇండ్లకు వార్త చేరినను పడవలకు చేరలేదు. 2014 అక్టోబరు 12వ తేదీన విశాఖపట్టణముమీదనే దాటిన హుద్‌హుద్ తుపాను పట్టణవాసులకు వేఱొక పాఠము చెప్పెను. మరణములు తక్కువయే. కాని అనేకదినములు కరెంటు లేదు, కొళాయి నీరు లేదు, సెల్‌ఫోను పలుకలేదు. మేడలలో నున్నవారు సహితము త్రాగునీటి బిందెకొఱకు వరుసలలో నిలిచిరి. సన్నాహము గుడిసెవారికి మాత్రమే కాదని ఆ దినములలో బోధపడినది.

శ్రోతలారా, మొదటి రెండు మెట్లును నేడు చాలవఱకు పూర్తియైనవి. 72 గంటలకు ముందే అధికారులకు పూర్వసూచన అందును. 48 గంటలకు ముందు పసుపుపచ్చని హెచ్చరికయు, 24 గంటలకు ముందు నారింజ హెచ్చరికయు, 12 గంటలకు ముందు ఎఱ్ఱని హెచ్చరికయు వెలువడును. కౌటిల్యుని గృహస్థునకు ఈ భాగ్యము లేదు. మనకు రెండు పగళ్లును రెండు రాత్రులును చేతిలో నున్నవి. వానిని వ్యర్థపుచ్చకుండుటయే మూడవ మెట్టు.

కౌటిల్యుడు ఐదు కడవలు చెప్పెను గదా. మన కాలమునకు తగినట్లు నేనును ఐదు కడవలు చెప్పెదను. మన తుపానులు ఎక్కువగా ఏప్రిలు, మే నెలలలోను, అక్టోబరు మొదలు డిసెంబరు వఱకును వచ్చును. ఈ రెండు ఋతువులకు ముందే వీనిని నింపి యుంచవలెను.

మొదటిది నీటి కడవ. మనిషికి దినమునకు నాలుగు లీటర్ల చొప్పున, మూడు దినములకు, ఐదుగురున్న యింటికి 60 లీటర్లు మూతగల పాత్రలలో పట్టి యుంచుడు. రెండవది ఆహారపు కడవ. పొయ్యి వెలిగింప నక్కఱలేని అటుకులు, పేలాలు, బెల్లము, వేరుసెనగలు, పసిబిడ్డ యున్న యింట దాని కవసరమైన ఆహారము. మూడవది వెలుగును వార్తయు. టార్చిలైటు, చిన్న రేడియో, వానికి తగిన క్రొత్త బ్యాటరీలు, తడిసిపోని డబ్బాలో అగ్గిపెట్టె. సెల్‌ఫోనును ముందే నింపుకొనుడు; కాని దానినొక్కదానినే నమ్మకుడు. నాలుగవది మందులు. మధుమేహమునకును రక్తపుపోటునకును నిత్యము మందు పుచ్చుకొనువారు కనీసము వారముదినములకు సరిపడ నుంచుకొనవలెను. ఐదవది కాగితములు. భూమి పాసుపుస్తకము, రేషనుకార్డు, ఆధారుకార్డు, పిల్లల చదువు యోగ్యతాపత్రములు ప్లాస్టికు సంచిలో మూతి బిగించి ఉంచుడు. ఇల్లు పోయినను కాగితము మిగిలినవాడు సాయము కొఱకు కార్యాలయముల చుట్టు తిరుగు ప్రదక్షిణములు తగ్గును.

కడవలు నింపిన చాలదు, మాటలును నిర్ణయించుకొనవలెను. ఒకనాటి రాత్రి భోజనమైన పిమ్మట ఇంటివారందఱు కూర్చుండి మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుకొనుడు. ఎచ్చటికి పోవుదుము? ఎవరు ఎవరిని తీసికొనిపోవుదురు? విడిపోయిన నెచ్చట కలిసికొందుము? నడువలేని ముసలితల్లిని ఎవరెత్తుకొనవలెనో గాలి మొదలైన పిమ్మట తగవులాడుకొనరాదు. నెలలు నిండిన గర్భిణిని ముందుగానే ఆసుపత్రి యున్న యూరికి చేర్చవలెను. దూరపు పట్టణముననున్న మేనత్తయో, మేనమామయో, ఒకరి నెంబరు అందఱికిని కంఠస్థమై యుండవలెను. విడిపోయినవారు ఆ యొక్కచోటికి క్షేమము తెలుపుకొందురు. జిల్లా అధికారుల అత్యవసర కేంద్రమునకు 1077 అను సంఖ్యయు, ఏ ఆపదకైనను 112 అను సంఖ్యయు పిల్లలకు ఎక్కములతోపాటు నేర్పవలసినవి.

పొండని చెప్పినప్పుడు జనులు పోకుండుటకు కారణములు కలవు. వానిని పరిహసించుట తగదు. దొంగలు పడుదురను భయ మొకటి. గొడ్లను విడిచిపోలేని ప్రేమ యొకటి. నలుగురు మగవారి నడుమ ఒక గదిలో రాత్రి గడుపుటకు స్త్రీలకుండు సంకోచ మొకటి. గత సంవత్సరము చెప్పిరి, రాలేదు. ఈసారియు రాదను ధీమా యొకటి. గ్రామపెద్దలు వీనికి ముందుగానే విరుగుడు చూడవలెను. రక్షణభవనమున స్త్రీలకు ప్రత్యేకముగా గదియు మరుగుదొడ్డియు ఉండవలెను. గొడ్లను మెఱకకు తోలవలెను. తోలుటకు వ్యవధి లేనియెడల పలుపు విప్పి విడువవలెను. కట్టుగొయ్యకు కట్టిన ఆవు ఈదనేరదు. ఇక రాకుండ మఱలిపోయిన తుపాను అబద్ధపు వార్త కాదు. సముద్రముమీద పాము తలత్రిప్పినది. అంతమాత్రమున పాము లేదనరాదు. పదిసార్లు వ్యర్థముగా నడచినవాడు పదునొకండవసారి బ్రతుకును. బ్రతికియుండిన బలుసాకు తినవచ్చునని మన పెద్దలు చెప్పనే చెప్పిరి.

వెలుపల నుండువారికి కొన్ని మాటలు. మత్స్యకారులు హెచ్చరిక వినబడినంతనే వల తీసి గట్టునకు మఱలవలెను; వేటకు పోవు ప్రతి పడవలోను రేడియో యుండవలెను. పొలములోను దారిలోను చిక్కుకొన్నవారు చెట్టుక్రిందను, పాతగోడ ప్రక్కను, కరెంటు స్తంభమువద్దను నిలువరాదు. తెగిపడిన తీగను కఱ్ఱతోనైనను తాకరాదు. ప్రవహించు నీరు మోకాలిలోతున్నను మనిషిని పడద్రోయగలదు. రోడ్డుమీదుగా ఏఱు పాఱునప్పుడు బండిని దింపరాదు. ఉఱుము వినబడినంతనే గట్టి కప్పుగల యింటిలోనికి పోయి, చివరి ఉఱుము వినబడిన పిమ్మట అరగంటవఱకు లోపలనే యుండవలెను. ఇక గాలి లేకయే సముద్రము వచ్చు నాడును కలదు. 2004 డిసెంబరు 26వ తేదీన సునామీ వచ్చినప్పుడు మన తీరమున నూఱుమందికి పైగా మరణించిరి. భూమి గట్టిగా కంపించినను, సముద్రము అకారణముగా వెనుకకు తగ్గినను, ఇసుకలో చిక్కిన చేపలకొఱకు పోక, వెంటనే మెఱకకు పరుగెత్తవలెను.

ఇంటిలోనుండి బయలుదేరునప్పుడు కరెంటు మెయినును, గ్యాసుబండ మీటను కట్టివేయుడు. అధికారులు పొమ్మనువఱకు మరల రాకుడు. వచ్చిన పిమ్మట ఇంటిమూలలను, చూరును కఱ్ఱతో తట్టి చూడుడు. నీటికి వెఱచిన పాములును మనవలెనే ఆశ్రయము వెదకును. మునిగిన బావినీరు శుద్ధిచేయకుండ త్రాగరాదు. నీటిని తెర్ల కాచి చల్లార్చి త్రాగుడు. విరేచనములైనచో లీటరు కాచిన నీటిలో ఆఱు చిన్నచెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు కలిపి కొంచెము కొంచెముగా పట్టించుచు వైద్యునియొద్దకు కొనిపొండు. ఉప్పెనలో చావనివారు ఉప్పెన వెనుక వచ్చు అతిసారముచే చావరాదు.

జీవితమున పెక్కుయేండ్లు పాఠశాలలో గడపినవాడను గనుక కడపటి మనవి ఉపాధ్యాయులకు. కోరంగికిని కోరంగికిని నడుమ ఏబదియేండ్లు. మచిలీబందరునకును దివిసీమకును నడుమ నూటపదుమూడేండ్లు. ఇంత యెడము గల జ్ఞాపకమును ఒక తలలో నిలుపుట సాధ్యము కాదు. ఒక పాఠశాలలో నిలుపుట సాధ్యము. సంవత్సరమున కొకసారి, ఎండకాసిన నాడు, పిల్లలను వరుసగా నిలిపి బడినుండి రక్షణభవనమువఱకు నడిపింపుడు. ఎన్ని అడుగులో లెక్కింపుమనుడు. దారిలో వంతెన కలదా, పల్లము కలదా, ఏ యింట ముసలివారున్నారు, ఎవరింట గొడ్లున్నవి, పలకమీద వ్రాయింపుడు. ఆ సాయంకాలము పిల్లవాడు ఇంటికి పోయి, అమ్మా, మన యింటినుండి అచ్చటికి ఇన్ని అడుగులే అని చెప్పును. తల్లి వినును. ఆ మాట వినిన యింట, గాలి లేచిన నాటి రాత్రి, దారి యేదని ఎవ్వరును అడుగరు.